జావా 8 దగ్గరే ఆగిపోయాననిపిస్తోంది, ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పద్నాలుగేళ్ల అనుభవం, అందులో తొమ్మిదేళ్లు ఒకే ప్రాజెక్టు. జావా 8, స్ట్రట్స్ అనే పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్, ఒరాకిల్ డేటాబేస్. ఉద్యోగ ప్రకటనలు చూస్తే కుబర్నెటీస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ), గో, రస్ట్ భాషలు, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ), ఇప్పుడు ఏఐ. ఆరు ఆన్‌లైన్ కోర్సులు కొన్నారు, ఒక్కటీ సగం దాటలేదు. "నేను పాతబడిపోయానా? నలభై దాటాక ఇదంతా నేర్చుకోవడం అయ్యే పనేనా? అయితే దేనితో మొదలుపెట్టాలి?"

అయ్యే పనే. నేను 26 ఏళ్లుగా కోడ్ రాస్తున్నాను. సీ, విజువల్ బేసిక్ 6తో మొదలుపెట్టి, ఎక్కువ కాలం జావాలో గడిపి, ఈమధ్య పైథాన్, గో కూడా రాస్తున్నాను. మధ్యలో నాలుగేళ్లు మీకంటే బాగా వెనకబడ్డాను. ఆ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేనిచ్చే సలహా అంతా అక్కడే పుట్టింది.

2010లో టీమ్ లీడ్‌ని అయ్యాను. మీటింగులు, ఎస్టిమేట్లు, ఎక్సెల్ షీట్లు. కోడ్ రాయడం మెల్లగా తగ్గి, ఒక దశలో పూర్తిగా ఆగిపోయింది. జావా 8 2014 మార్చిలో వచ్చింది, మరుసటి ఏడాది మా టీమ్ దానికి మారింది. ఒక సాయంత్రం నా దగ్గరికి రివ్యూకి ఒక మార్పు వచ్చింది. పాత ఫర్ లూప్ తీసేసి, దాని స్థానంలో పారలల్ స్ట్రీమ్ (పనిని ఒకేసారి నడిచే చాలా థ్రెడ్లకి పంచేది) పెట్టి, ఒక్కో రికార్డునూ లెక్కగట్టి, బయట ఉన్న అర్రేలిస్ట్ అనే జాబితాకి చేర్చే కోడ్. మొత్తం మూడు లైన్లు. అందులోని బాణం గుర్తూ, పక్కపక్కన రెండు కోలన్లూ చూస్తే ఏం జరుగుతోందో నాకు సరిగ్గా అంతుపట్టలేదు. రాసిన అబ్బాయి నాకంటే పదేళ్లు చిన్నవాడు. అడగడానికి మొహమాటమేసింది. టెస్టులు పాసయ్యాయి కదా అని అప్రూవ్ చేసేశాను.

నెలాఖరు రిపోర్టులో కొన్ని వరుసలు మాయమయ్యాయి. మళ్లీ నడిపితే వేరే వరుసలు మాయం. ఇంకోసారి నడిపితే అన్నీ ఉన్నాయి. రెండు రోజులు డేటాబేస్‌ని అనుమానించి అందులోనే వెతికాం. అసలు తప్పు ఆ మూడు లైన్లలో ఉంది. అర్రేలిస్ట్‌లో ఒకదాన్ని చేర్చడమంటే లోపల జరిగేది మూడు పనులు: ఇప్పుడున్న సైజు చదవాలి, ఆ గడిలో విలువ పెట్టాలి, సైజు ఒకటి పెంచాలి. రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో ఒకే సైజు చదివితే రెండూ ఒకే గడిలో రాస్తాయి. ఒకటి పోతుంది. టెస్టులో ఐదే రికార్డులు కాబట్టి బయటపడలేదు. ప్రొడక్షన్‌లో లక్షల్లో ఉంటే బయటపడింది.

నన్ను కుదిపేసింది ఆ బగ్ కాదు. రెండు థ్రెడ్లు తాళం లేకుండా ఒకే లిస్ట్‌లో రాయకూడదని నాకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదే తెలుసు. ఎంతమందికో నేనే నేర్పాను. అదే తప్పు పాత రూపంలో, రెండు థ్రెడ్ ఆబ్జెక్టులూ రెండు రన్ మెథడ్లూ వేసుకుని వచ్చి ఉంటే చూసిన మొదటి నిమిషంలో పట్టుకునేవాణ్ని. వేషం మార్చుకుని వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను.

అంటే మన పనిలో రెండు వేర్వేరు శక్తులున్నాయి. కింద ఏం జరుగుతోందో తెలియడం ఒకటి. ఈ రోజు జనం రాస్తున్న కోడ్‌ని తడబడకుండా చదవగలగడం రెండోది. నాకు మొదటిది ఉండి రెండోది పోయింది. ఇప్పుడిప్పుడే చేరిన చాలామందికి రెండోది ఉండి మొదటిది ఇంకా రాలేదు. ఈ రెండింటి మధ్య తాడు తెగకుండా చూసుకోవడమే నైపుణ్యం నిలబెట్టుకోవడం అని నేననుకుంటాను. మీరు భయపడుతున్నది రెండోదాని గురించి మాత్రమే. మొదటిది మీ దగ్గర ఎంత ఉందో లెక్క వేసుకున్నట్టు లేరు.

లెక్క వేద్దాం. మీరు రోజూ వాడే రిలేషనల్ డేటాబేస్ వెనకున్న ఆలోచనని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించాడు. ఎస్‌క్యూఎల్‌కి మొదటి రూపం 1974లో వచ్చింది. డేటాబేస్ ఇండెక్స్ లోపలుండే బీ-ట్రీ కూడా 1970ల మొదట్లోదే. నెట్‌వర్క్‌లో డేటాని చేరవేసే టీసీపీ ప్రమాణం 1981లో ఆర్‌ఎఫ్‌సీ 793గా వచ్చింది. వీటి మీద మీరు పెట్టిన ప్రతి గంటా ఇంకా ఫలితం ఇస్తూనే ఉంది. ఇక రెండో వైపు చూడండి. విజువల్ బేసిక్ 6కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లో ముగిసింది. యాంగ్యులర్‌జేఎస్ 2010లో వచ్చి, 2021 చివరితో అధికారిక మద్దతు కోల్పోయింది. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. విజువల్ బేసిక్‌లో కంట్రోళ్ల ప్రాపర్టీలన్నీ నాకు కంఠతా వచ్చేవి, ఈ రోజు అవి దేనికీ పనికిరావు. అదే ప్రాజెక్టులో రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్న అవుటర్ జాయిన్, ట్రాన్సాక్షన్ ఐసొలేషన్, డెడ్‌లాక్ ఎలా ఏర్పడుతుందన్న సంగతి నిన్న కూడా వాడాను.

అలాగని కింది పొర తెలిస్తే చాలనుకుని కూర్చోవడానికి లేదు, అది కూడా కదులుతుంది. వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీకి కొత్త రూపం హెచ్‌టీటీపీ/3 2022లో ప్రమాణమైంది, అది టీసీపీ మీద నడవదు, అంతకంటే సాదా పద్ధతి యూడీపీ మీద కట్టిన క్విక్ మీద నడుస్తుంది. ఎందుకు మార్చారు? టీసీపీ బైట్లని వరస తప్పకుండా అందిస్తుంది. కాబట్టి ఒకే కనెక్షన్‌లో పది ఫైళ్లు వస్తున్నప్పుడు ఒక ప్యాకెట్ పోతే, దానితో సంబంధం లేని మిగతా తొమ్మిదీ ఆగి ఎదురుచూడాలి. టీసీపీ తెలిసినవాళ్లకి ఈ రెండు వాక్యాలు చాలు, క్విక్ ఎందుకు పుట్టిందో బోధపడుతుంది. తెలియనివాళ్లకి అది గుర్తుపెట్టుకోవలసిన ఇంకో పేరుగానే మిగులుతుంది. ప్రోగ్రాం ఆగిపోకుండా జవాబు కోసం ఎదురుచూసేలా రాసే అసింక్, అవెయిట్ కూడా అంతే: సీ షార్ప్‌లోకి 2012లో, పైథాన్‌లోకి 2015లో, జావాస్క్రిప్ట్‌లోకి 2017లో వచ్చాయి. ఒక్క చోట లోపలికి వెళ్లి చూసినవాళ్లకి మిగతా రెండు చోట్లా ఒక్కో రోజు పని.

మీ ఆరు కోర్సులూ సగంలో ఎందుకు ఆగాయో కూడా ఇక్కడే ఉంది. అది బద్ధకం కాదు. కోర్సు చెప్పే వ్యక్తి తన ప్రశ్నలకి జవాబులు చెప్తున్నాడు. మీ దగ్గర ఇంకా ప్రశ్న లేదు. చేతిలో ప్రశ్న లేకుండా విన్న జవాబు రెండో రోజుకి నిలవదు. ప్రోగ్రాంలని కంటైనర్లలో విడివిడిగా నడిపే డాకర్ గురించి నేను రెండుసార్లు కోర్సులు వినడానికి కూర్చుని వదిలేశాను. మూడోసారి మాత్రం ఒక కారణం దొరికింది.

మా జావా 8 సర్వీసుని కంటైనర్‌లోకి మార్చారు. కాసేపు బాగా నడుస్తుంది, తర్వాత చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. లాగ్‌లో ఎక్సెప్షన్ లేదు, హీప్ (జావా ఆబ్జెక్టులుండే మెమరీ) నిండిందన్న సందేశం లేదు. దొరికిందల్లా ఎగ్జిట్ కోడ్ 137. ఆ అంకె ఏమిటా అని వెతికితే 128 ప్లస్ 9 అని తేలింది. 9 అంటే కిల్ సిగ్నల్. అంటే ప్రోగ్రాం తనంతట తాను పడిపోలేదు, ఎవరో చంపారు. ఎవరు? లినక్స్ కెర్నెల్. ఎందుకు? ఆ కంటైనర్‌కి 2 జీబీ హద్దు పెట్టారు. మెషీన్‌లో 64 జీబీ ఉంది. పాత జావా 8 కంటైనర్ హద్దుని చూడలేదు. మెషీన్ మెమరీ మొత్తం చూసి, అందులో నాలుగో వంతు, అంటే 16 జీబీ దాకా హీప్ పెంచుకోవచ్చనుకుంది. 2 జీబీ దాటగానే కెర్నెల్ దాన్ని తీసేసింది. జావా 10 నుంచి ఈ హద్దుల్ని జేవీఎం (జావా ప్రోగ్రాంలని నడిపేది) తనే గుర్తిస్తుంది. జావా 8లోకి ఆ మార్పు 2018లో వచ్చిన 191వ అప్‌డేట్‌తో చేరింది. మా దగ్గరున్నది దానికంటే పాతది.

ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైందేమిటంటే, డాకర్ కంటైనర్ చిన్న వర్చువల్ మెషీన్ కాదు. కెర్నెల్ గీసిన గీతల మధ్య నడిచే మామూలు ప్రాసెస్. ఇది అర్థమయ్యాక కుబర్నెటీస్‌లో మెమరీ లిమిట్ అన్న మాటకి నాకు వేరే వివరణ అవసరం రాలేదు. ఎనిమిది గంటల వీడియో నాకు ఇవ్వలేకపోయినదాన్ని ఒక్క 137 అనే అంకె ఇచ్చింది. మీరున్న చోట అలాంటి అంకెలు వారానికొకటి కనిపిస్తూనే ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే పోయింది కదా అని వదిలేస్తుంటాం.

ఇప్పుడు నేరుగా మీ విషయానికి వస్తాను. కొత్త భాష వద్దు. ముందు మీ జావానే ఈనాటి జావాగా మార్చుకోండి. మీకు తెలిసిన ఊళ్లోనే కొత్త వీధులు కాబట్టి దారి తప్పరు. జావా 8 తర్వాత చాలా జరిగింది. 2017లో వచ్చిన జావా 9 నుంచి ఆరు నెలలకొక వెర్షన్ వస్తోంది. రకం పేరు రాయనవసరం లేని వార్, టెక్స్ట్ బ్లాక్‌లు, రికార్డులు, సీల్డ్ క్లాసులు, స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్, 2023 సెప్టెంబర్‌లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు (జేవీఎం తనే నడిపే తేలికైన థ్రెడ్లు). పైపైన చదవడానికి రెండు వారాంతాలు చాలు. చదివి ఊరుకోకండి. మీ తొమ్మిదేళ్ల ప్రాజెక్టు కాపీ ఒకటి తీసుకుని, వేరే బ్రాంచ్‌లో, జావా 21తో బిల్డ్ చేయడానికి ప్రయత్నించండి. విరుగుతుంది. విరగాలి కూడా. జావా 11లో ఎక్స్‌ఎంఎల్ బైండింగ్ లాంటి కొన్ని ప్యాకేజీలు జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) నుంచి తీసేశారు, కంపైల్ అక్కడ ఆగుతుంది. దాన్ని సరిచేస్తే, జేడీకే లోపలి క్లాసుల్లోకి రిఫ్లెక్షన్‌తో (నడుస్తుండగా క్లాసుల లోపలికి తొంగిచూసే పద్ధతితో) చొరబడే పాత లైబ్రరీలు రన్‌టైమ్‌లో మొరాయిస్తాయి, ఎందుకంటే జావా 17కి వచ్చేసరికి ఆ తలుపులు గట్టిగా మూసేశారు. ఒక్కో ఎర్రర్ వెనకా ఒక్కో నిర్ణయం, దానికొక కారణం ఉంటుంది. ఆ కారణాలు చదవడమే మీ కోర్సు అనుకోండి.

వర్చువల్ థ్రెడ్ల దగ్గర మాత్రం ఆగి, చేత్తో చేసి చూడండి. ఇదొక్కటి నేను పట్టుబట్టి చెప్తాను.

ఒక సెకను నిద్రపోయి లేచే చిన్న పని రాయండి. అలాంటివి 10,000 పనులు 200 థ్రెడ్ల మామూలు పూల్‌కి ఇవ్వండి. ఎంతసేపు పడుతుందో నడిపే ముందు కాగితం మీద రాసుకోండి. 10,000ని 200తో భాగిస్తే 50 సెకన్లు, దాదాపు అంతే వస్తుంది. ఇప్పుడు అవే పనుల్ని ఒక్కోదానికి ఒక్కో వర్చువల్ థ్రెడ్ ఇచ్చి నడపండి. సెకను పైన కొంచెం. ఎందుకంటే నిద్రపోతున్న వర్చువల్ థ్రెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ని పట్టుకుని కూర్చోదు, దిగిపోయి ఇంకొకరికి చోటిస్తుంది.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఇంకొక అడుగు వేయండి. ఆ నిద్రని ఒక సింక్రనైజ్డ్ బ్లాక్ (తాళం పట్టుకుని నడిచే కోడ్) లోపల పెట్టండి. ఒక్కో పనికి వేరే వేరే లాక్ ఆబ్జెక్ట్ ఇవ్వండి, అంటే తాళం కోసం ఎవరూ ఎవరితోనూ పోటీ పడరు. 10,000 పెడితే చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది, 400 పనులతో చేయండి. 8 కోర్ల మెషీన్ మీద జావా 21తో నడిపితే సెకను కాదు, దాదాపు 50 సెకన్లు పడుతుంది. తాళం కోసం పోటీ లేకపోయినా అంతసేపు ఎందుకు? జావా 21లో సింక్రనైజ్డ్ లోపల ఆగిన వర్చువల్ థ్రెడ్ కింది థ్రెడ్ నుంచి దిగలేదు, దానికి అతుక్కుపోతుంది. కింది థ్రెడ్లు కోర్లన్నే, అంటే 8. 400ని 8తో భాగిస్తే 50. తర్వాత అదే ప్రోగ్రాంని ఒక్క అక్షరం మార్చకుండా జావా 24తో నడపండి. మళ్లీ సెకనుకి దిగుతుంది, 2025 మార్చిలో వచ్చిన ఆ వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

ఇది గంటన్నర పని. ఇది చేశాక వర్చువల్ థ్రెడ్ల గురించి ఎవరు ఏం చెప్పినా మీరు మీ కొలతతో పోల్చి చూసుకోగలరు. అంతకుముందు అభిప్రాయాలు వింటారు, ఆ తర్వాత మీకంటూ ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ తేడా కోసమే ఇంత వివరంగా రాశాను.

దీన్నే మీ ప్రాజెక్టుకి తగిలించి చూడండి. వర్చువల్ థ్రెడ్లు పెట్టేశాం, ఇక ఎంతమంది వచ్చినా సర్వర్ తట్టుకుంటుందని ఎవరైనా అంటే, మీరడగవలసిన ప్రశ్న ఒకటుంది: డేటాబేస్ కనెక్షన్లు ఎన్ని? పూల్‌లో 10 ఉండి, ఒక్కో క్వెరీకి 50 మిల్లీసెకన్లు పడితే, సెకనుకి 200 క్వెరీలకి మించి ఒక్కటి కూడా ఎక్కువ నడవదు. థ్రెడ్లు లక్ష ఉన్నా అంతే, క్యూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన క్యూ సూత్రమే ఇది: లోపలున్నవాళ్ల సంఖ్య అంటే వచ్చే వేగం, ఒక్కొక్కరు ఉండే సమయం, ఈ రెండింటి లబ్ధం. అరవయ్యేళ్లనాటి సూత్రంతో నిన్నటి ఫీచర్‌ని కొలుస్తున్నారన్నమాట. మీ తొమ్మిదేళ్లూ వృథా కాలేదని నేననేది ఇందుకే. కనెక్షన్ పూల్ ఎండిపోయిన రాత్రులు మీరు చూసే ఉంటారు.

ఒరాకిల్ వైపు కూడా ఒకటి. మీ దగ్గర నెమ్మదిగా నడిచే క్వెరీలు తప్పకుండా ఉంటాయి. వాటిలో ఒకదాని ఎగ్జిక్యూషన్ ప్లాన్ (డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతుందో చూపే జాబితా) తీసి చివరిదాకా చదవండి. తేదీ కాలమ్‌కి, గంటలూ నిమిషాలూ తీసేసే ట్రంక్ ఫంక్షన్ తగిలించి వేర్ షరతు రాసిన చోటు కనిపించవచ్చు. కాలమ్ మీద మామూలు ఇండెక్స్ ఉన్నా అది అక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇండెక్స్‌లో వరసగా ఉన్నవి కాలమ్ విలువలు, ఫంక్షన్ ఫలితాలు కావు. ఆ రోజు మొదలుకంటే ఎక్కువ లేదా సమానం, మరుసటి రోజు మొదలుకంటే తక్కువ అని రాస్తే ఇండెక్స్ వాడుకునే వీలొస్తుంది. ఇది చిన్న సంగతే కానీ, ముందు క్యాష్ పెట్టేద్దాం అని అందరూ అంటున్నప్పుడు ప్లాన్ తీసి చూపించగలిగే మనిషికి ఏ టీమ్‌లోనైనా విలువ ఉంటుంది.

మీ జాబితాలో మిగతావాటి మీద నా తీర్పు కొంచెం ఖరాఖండీగానే చెప్తాను. డాకర్ నేర్చుకోండి, తప్పదు. కుబర్నెటీస్‌లో మీ సర్వీసు ఎలా మొదలవుతుంది, ఎప్పుడు చంపబడుతుంది, దాని లాగ్ ఎక్కడ చూడాలి అన్నంతవరకే. క్లస్టర్ నడపడం వేరే వృత్తి. స్ట్రట్స్ నుంచి స్ప్రింగ్ బూట్ 3కి రావాలి, దానికి కనీసం జావా 17 కావాలి, చాలా జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారాయి కాబట్టి ఆ ఇంపోర్టులన్నీ ముట్టుకోవాలి. రియాక్ట్ మీ పనిలోకి వస్తే నేర్చుకోండి, రాకపోతే వదిలేయండి. గో వారం రోజుల్లో చదవడం వస్తుంది. రస్ట్ మాత్రం మీకు ఆసక్తి ఉంటేనే. ఉద్యోగానికి వెంటనే పనికిరాకపోవచ్చు కానీ, ఏ డేటా ఎవరి సొంతం, దాన్ని ఎవరు మార్చవచ్చు అన్న ప్రశ్నని అది ప్రతి లైన్‌లోనూ అడుగుతుంది. నా ఆ మూడు లైన్ల బగ్ రస్ట్‌లో కంపైలే అయ్యేది కాదు.

ఇక ఏఐ. మీ ప్రశ్నలో అన్నిటికంటే ఎక్కువ భయం అక్కడే వినిపించింది. కోడ్ సూచించే ఏఐ సాధనం గిట్‌హబ్ కోపైలట్ 2021లో ప్రివ్యూగా వచ్చింది, అప్పటినుంచి ఇలాంటి సాధనాలు వాడుతూనే ఉన్నాను. మొదట్లో ఎదిరించాను, తర్వాత అన్నిటికీ దాన్నే అడిగాను, ఇప్పుడు మధ్యలో ఎక్కడో నిలబడ్డాను. అది కోడ్ రాసే శ్రమని నిజంగా తగ్గిస్తుంది. చదివి తీర్పు చెప్పే శ్రమని పెంచుతుంది. మొన్నామధ్య పేమెంట్ సర్వీసుని పిలిచే కోడ్ అడిగితే, చాలా శుభ్రంగా రాసిచ్చింది. టైమౌట్ వస్తే మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, మధ్యలో కాస్త కాస్త విరామం పెంచుతుంది, టెస్టులు కూడా రాసింది, అన్నీ పాసయ్యాయి. ఒక్కటే లోపం. టైమౌట్ అంటే పని జరగలేదని కాదు. జరిగిందో లేదో మనకు తెలియదని. అవతల డబ్బు తీసుకుని, జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ పిలిస్తే రెండోసారి డబ్బు పోతుంది. ప్రతి లావాదేవీకి ఒక ప్రత్యేకమైన కీ పంపి, అదే కీ మళ్లీ వస్తే అవతలివాళ్లు పాత జవాబే ఇచ్చేలా చేయాలి. కోడ్‌లో అది లేదు, అడగలేదు కాబట్టి రాలేదు. అడగాలని తెలియాలంటే నెట్‌వర్క్ ఎలా మోసం చేస్తుందో తెలిసి ఉండాలి. మళ్లీ కింది పొరే.

నేను పాటించే నియమాలు రెండు. సాధనాన్ని అడిగే ముందు, జవాబు ఏ ఆకారంలో ఉండాలో రెండు లైన్లు రాసుకుంటాను. వచ్చినది దానికి భిన్నంగా ఉంటే ఎవరిది తప్పో తేల్చేదాకా ముందుకెళ్లను. చాలాసార్లు తప్పు నాదే అవుతుంది, ఆ రోజు నేనొకటి నేర్చుకుంటాను. రెండోది, నాకు ఇంకా చేతకాని విషయంలో మొదటిసారి దాని చేత రాయించుకోను. వర్చువల్ థ్రెడ్ల ప్రయోగం మీరే టైప్ చేయండి. రెండోసారి నుంచి ఎవరు రాసినా ఫర్వాలేదు.

సమయం గురించి. ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న మనిషికి రోజూ రెండు గంటలు చదవమని చెప్పడం అన్యాయం, అది నిలబడదు కూడా. నేను వారానికి రెండుసార్లు, పని మొదలుపెట్టే ముందు నలభై నిమిషాలు కేటాయిస్తాను. ఆరు నెలలకి ఒకటే విషయం. ఒక నోట్‌బుక్ ఉంది, అందులో నాకు అర్థం కాకుండానే పని జరిగిపోయిన సంగతులు రాస్తాను: "ఈ యానొటేషన్ తీసేస్తే ట్రాన్సాక్షన్ ఎందుకు పోయింది?", "ఈ క్వెరీ రాత్రి మాత్రమే ఎందుకు నెమ్మదిస్తుంది?" ఆ నలభై నిమిషాలకి సరుకు అక్కడినుంచే వస్తుంది. వారాంతాలు ముట్టుకోను. వాడే లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు రిలీజ్ నోట్స్ మాత్రం పూర్తిగా చదువుతాను, ఆ అలవాటు నాకు చాలా కోర్సులకంటే ఎక్కువ నేర్పింది.

మీరు లీడ్ అయినా, మేనేజర్ అయినా ఒక్కటి వదలొద్దు. వారానికొకసారైనా మీ మెషీన్‌లో ప్రాజెక్టు బిల్డ్ అవ్వాలి. ఎవరి పనీ ఆగిపోకుండా ఉండే చిన్న బగ్ ఒకటి మీరే తీసుకోండి. రివ్యూలో అర్థం కానిది కనిపిస్తే, "ఇది నాకు తెలియదు, ఒక్కసారి వివరించు" అనండి. నేను ఆ రోజు ఆ మాట అని ఉంటే, వివరించే ప్రయత్నంలో ఆ అబ్బాయే తన తప్పు తాను చూసుకునేవాడు. ఇప్పుడు ప్రతి రివ్యూలోనూ అంటున్నాను. నన్ను తక్కువగా చూసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

చివరిగా కంపెనీ సంగతి. అప్‌గ్రేడ్ చేద్దామంటే "నడుస్తోంది కదా, ఎందుకు కదిలించడం" అంటారు. కొత్తగా ఉందని చెప్పి ఒప్పించలేరు. భద్రత గురించి చెప్పి ఒప్పించవచ్చు. 2021 డిసెంబర్‌లో లాగ్‌లు రాసే లాగ్4జే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు, డిపెండెన్సీల్ని ఎప్పటికప్పుడు మార్చుకునే టీమ్‌లు వెర్షన్ నంబర్ మార్చి బయటపడ్డాయి. ఏళ్ల తరబడి ముట్టుకోనివాళ్లకి ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతకడమే పెద్ద పనైంది. మీ బ్రాంచ్‌లో జావా 21 బిల్డ్ నడిచిందంటే, చేతిలో నడిచే నమూనాతో, ఏమేం విరిగిందో జాబితాతో మాట్లాడతారు. మాటకి బరువుంటుంది. అది చూపించాక కూడా ఏడాదిలో కదలిక లేకపోతే వేరే చోటు చూసుకోండి. ఇంటర్వ్యూలో "జావా 8 నుంచి 21కి మార్చే ప్రయత్నంలో నాకు ఎదురైన ఐదు సమస్యలు" అని మొదలుపెట్టండి. సర్టిఫికెట్లు చూపించేవాళ్లని చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. ఇలా మాట్లాడేవాళ్లు అరుదు, వాళ్లని వదులుకోబుద్ధి కాదు.

కోర్సుల డబ్బు పోయిందని బాధపడకండి, ప్రశ్న పుట్టినప్పుడు ఆ వీడియోల్లోకి వెళ్లి కావలసిన ఇరవై నిమిషాలు చూడవచ్చు. ముందు ఆ 400 పనుల ప్రయోగం చేయండి. నడిపే ముందు మీరు రాసుకున్న అంచనా, నడిపాక వచ్చిన సెకన్లు, మీ మెషీన్‌లో కోర్లు ఎన్ని, ఈ మూడూ కింద రాయండి. లెక్క కుదరకపోతే ఎక్కడ తేడా వచ్చిందో కలిసి చూద్దాం.